మధ్యలో ఓ ఏడాది... ‘ఎందుకు?’ కోసం!

మెడికల్ సీటు వచ్చిందంటే చాలు, ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఎంబీబీఎస్ ఎప్పటికి పూర్తవుతుంది, పీజీ ఎప్పుడు, స్థిరపడేదెప్పుడు... మధ్యలో ఒక్క ఏడాది పోతుందంటే కన్నవాళ్లు గాబరా పడిపోతారు. అలాంటిది, చదువు సగంలో ఉండగా ‘ఓ ఏడాది ఆగి ఇంకో డిగ్రీ చేసొస్తా’ అంటే? బ్రిటన్‌లో ఏటా ఎంతోమంది మెడికోలు ఆ మాటే అంటున్నారు!

బ్రిటన్‌లో వైద్యవిద్య మామూలుగా ఐదేళ్లు. రెండో ఏడాదో, మూడో ఏడాదో, నాలుగో ఏడాదో పూర్తయ్యాక కావాలనుకున్నవాళ్లు కాసేపు ఆగి, ఏదైనా ఒక శాస్త్రాన్ని ఏడాదిపాటు లోతుగా చదవొచ్చు. దాన్నే ‘ఇంటర్‌కలేటెడ్ డిగ్రీ’ అంటారు. చదువు మధ్యలో చొప్పించిన డిగ్రీ అన్నమాట. బీఎస్సీకి మూడేళ్లు పట్టాలి కదా, ఏడాదిలో ఎలా ఇస్తారంటారా? అప్పటిదాకా చదివిన వైద్యశాస్త్రాన్నే మొదటి ఏళ్ల కింద జమకట్టి, నేరుగా చివరి ఏడాదిలో చేర్చుకుంటారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ, యూసీఎల్‌లలోనైతే ఇంటర్ తరవాత నేరుగా చేరేవారికి సాధారణంగా ఈ డిగ్రీని కూడా కలిపే ఆరేళ్ల కోర్సు ఉంటుంది. ఈ ఏడాదికి ఎంచుకునే సబ్జెక్టుల్లో ఎప్పటినుంచో ఉన్నది శరీరధర్మశాస్త్రం... అదే ఫిజియాలజీ.

పుస్తకం మూసేయాల్సిందే!

ఫిజియాలజీ మెడికోలకు కొత్తేం కాదు. మొదట్లోనే చదివేసి ఉంటారు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుంది, మూత్రపిండం రక్తాన్ని ఎలా వడకడుతుంది... ఇవన్నీ గుర్తుంటే పరీక్ష గట్టెక్కినట్లే. కానీ ఈ ఏడాదిలో ప్రశ్నే మారిపోతుంది. ‘గుండె ఎలా పనిచేస్తుంది?’ అని అడగరు. ‘అలాగే పనిచేస్తుందని మనకెలా తెలుసు?’ అని అడుగుతారు!

అందుకే ఇక్కడ పాఠ్యపుస్తకం పక్కకుపోయి పరిశోధన పత్రాలు ముందుకొస్తాయి. ప్రయోగం ఎంతమందిపై చేశారు? పోల్చి చూడటానికి ఇంకో బృందం ఉందా? ఆ ఫలితానికి వేరే కారణం ఉండే అవకాశం లేదా? పేరున్న శాస్త్రవేత్త రాసిన పత్రమైనా సరే, విద్యార్థులంతా కూర్చుని లోపాలు వెతకాల్సిందే.

ఆ తరవాత సొంత ప్రాజెక్టు. చాలాసార్లు ప్రయోగానికి దొరికేది తోటి విద్యార్థులే. ముఖానికి మాస్కు తగిలించి సైకిలు తొక్కించి ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నారో కొలుస్తారు. మంచునీళ్లలో చెయ్యి ముంచమని రక్తపోటు ఎంత పెరుగుతుందో చూస్తారు. నెలల తరబడి కష్టపడినా చివరికి ఏమీ తేలకపోవచ్చు. ‘తేలలేదు’ అని నిజాయతీగా రాసి, ఎందుకు తేలలేదో వివరించగలిగితే దానికీ మంచి మార్కులే పడతాయి.

పరుగు వెనక ప్రయోగం

రోజర్ బానిస్టర్ పేరు వినే ఉంటారు. నాలుగు నిమిషాల్లోపు మైలు పరుగెత్తిన తొలి మనిషి. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లలో ఆ పరుగు పూర్తిచేసినప్పుడు ఆయన లండన్‌లో వైద్య విద్యార్థి. ఆస్పత్రి శిక్షణకు ముందు ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజియాలజీలో డిగ్రీ తీసుకుని, అందులోనే పరిశోధనా చేశాడు. ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి పీలుస్తూ ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తితే ఏమవుతుంది? ఇదీ ఆయన ప్రశ్న. పరుగెత్తినవాళ్లలో తనూ ఒకడు! ఆ ఫలితాలు కూడా 1954లోనే ప్రచురితమయ్యాయి. తరవాత పేరున్న నాడీవైద్యుడయ్యాడు. 2018లో కన్నుమూసేదాకా, రికార్డు కన్నా వైద్యంలో చేసిన పనే తనకు ఎక్కువ తృప్తినిచ్చిందని చెప్పేవాడు.

ఉప్పు, పంచదారల రహస్యం

‘డాక్టరుకు ఇదంతా ఎందుకు? జబ్బేమిటో, మందేమిటో తెలిస్తే చాలదా?’ అనిపించొచ్చు. దానికి జవాబు మన ఇంట్లో ఉండే ఓఆర్‌ఎస్ పొట్లంలోనే ఉంది. చిన్నపేగు గోడల్లోంచి సోడియం, గ్లూకోజు జతగా లోపలికి వెళ్తాయనీ, వాటి వెంట నీరూ వెళ్తుందనీ తేల్చింది ఫిజియాలజీయే. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ఈ సంగతిని ప్రపంచం ముందుంచారు. కలరా సోకినా ఆ దారి మూసుకుపోదు. అందుకే వట్టి నీళ్లు తాగిస్తే నిలవని రోగికి, ఉప్పూ గ్లూకోజూ సరైన పాళ్లలో కలిపి తాగిస్తే ప్రాణం నిలుస్తుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ సూత్రాన్నే నమ్ముకుని, ద్రావణాన్ని నోటిద్వారా తాగించే ఏర్పాటు చేశారు. దాదాపు 30 శాతందాకా ఉన్న మరణాలు 4 శాతంలోపునకు దిగొచ్చాయి. మందు పేరు మాత్రమే తెలిసిన వైద్యుడు సీసా అయిపోగానే ఆగిపోతాడు. ‘ఎందుకు’ తెలిసినవాడికి ఇంకో దారి కనిపిస్తుంది.

మార్కులు పోయాయి... మరి?

నాణేనికి రెండోవైపూ చూడాలి. ఏడాది ఎక్కువ చదవాలంటే ఖర్చూ ఎక్కువే. ఇంగ్లండ్‌లో 2025-26కి స్థానిక విద్యార్థుల ఫీజే గరిష్ఠంగా 9,535 పౌండ్లు. విదేశీ విద్యార్థులకు అంతకు ఎన్నో రెట్లు. పైగా ఇల్లు, తిండి ఖర్చులు. తోటివాళ్లు ఏడాది ముందే డాక్టర్లయిపోతారు. ఏడాదిపాటు రోగులకు దూరంగా ఉంటే పరీక్షించే నేర్పూ కాస్త తగ్గుతుంది.

ఒకప్పుడు ఈ కష్టానికి ప్రతిఫలం ఉండేది. వైద్యులుగా తొలి ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు అదనపు డిగ్రీకి పాయింట్లు కలిసేవి. 2023లో ఉద్యోగాల్లో చేరిన బ్యాచ్ నుంచి ఆ పాయింట్లు తీసేశారు. 2024 నుంచి చదువుల ర్యాంకింగే పక్కనపెట్టి, అభ్యర్థుల ఇష్టాలనూ కంప్యూటరు ఇచ్చే వరసనూ బట్టి కేటాయిస్తున్నారు. అంటే, పాయింట్ల కోసం చేరాల్సిన అవసరం ఇక లేదు. తెలుసుకోవాలన్న తపన ఉన్నవాళ్లకే ఆ ఏడాది!

మనకు రెండు నెలలు

మన ఎంబీబీఎస్‌లో నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ తప్ప ఇలాంటి విరామం లేదు. ఫిజియాలజీ మొదటి ఏడాదితోనే అయిపోతుంది. అయినా తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి 1979లో మొదలుపెట్టిన స్వల్పకాలిక పరిశోధన పథకం మన ఎంబీబీఎస్ విద్యార్థులకూ అందుబాటులో ఉంది. కాలేజీలోని ఓ అధ్యాపకుడి దగ్గర రెండు నెలలు సొంత ప్రశ్నపై పనిచేసి నివేదిక ఇవ్వాలి. ఏడాది పోదు, ఫీజూ లేదు.

ఇంట్లో మెడికో ఉంటే, సెలవులకు వచ్చినప్పుడు ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటే ‘ఈసారి నీకు జవాబు దొరకని ప్రశ్న ఏమిటి?’ అనీ అడిగి చూడండి. మంచి డాక్టరు తయారయ్యేది అక్కడి నుంచే!