చిన్న లారీకి పెద్ద ఇంజను: లాభమెంత, చిక్కెంత?

కోలారు టమాటా మండీకి తెల్లవారకముందే చేరే బండ్లలో చిన్న లారీలే విస్తారం. అందులోనూ జనం చోటా హాథీ అని పిలుచుకొనే టాటా ఏస్‌లు ఎక్కువ. 2005లో ఈ బండి మార్కెట్టులోకి వచ్చినప్పుడు ములబాగిలు, శ్రీనివాసపురం, పలమనేరు, వి.కోట ప్రాంతాలలో ఎడ్లబండిని, అద్దె ట్రాక్టరును నమ్ముకొన్న కుటుంబాలు ఎన్నో తొలిసారిగా సొంత సరకు వాహనానికి యజమానులైనవి. ఆనాటి బండ్లలో నేటికీ తిరుగుతున్నవి ఉన్నవి. వాటి యజమానుల నోట తరచుగా వినిపించే మాట ఒక్కటే: "బండి లాగడం లేదు." దానికి మెకానిక్ షెడ్డులో దొరికే సమాధానమూ ఒక్కటే: పెద్ద ఇంజను వేయించు.

ఈ సలహా పైకి సబబుగానే తోస్తుంది. కాని దానిని పాటించిన యజమాని ఎక్కడ చిక్కుకొంటాడో షెడ్డులో ఎవరూ చెప్పరు.

మొదట ఇంజను సంగతి చూద్దాం. తొలినాటి ఏస్‌లో ఉన్నది రెండు సిలిండర్ల డీజిలు ఇంజను. దాని పరిమాణం 702 సి.సి., శక్తి 16 అశ్వశక్తి, టార్క్ 38 న్యూటన్ మీటర్లు. ఇది ఎక్కడి నుండో తెచ్చినది కాదు. ఇండికా కారులోని నాలుగు సిలిండర్ల 1405 సి.సి. డీజిలు ఇంజనునే సగం చేస్తే వచ్చినది. టాటావారి పాత ఇంజన్ల పేర్లలో మొదటి అంకె సిలిండర్ల సంఖ్యను, తరువాతి రెండంకెలు బోరు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తెలుపుతాయి. ఇండికాది 475, ఏస్‌ది 275. బోరు ఒకటే, సిలిండర్లే సగం. ఈ చుట్టరికం వల్లనే పాత ఇండికా ఇంజను ఏస్‌లో ఇట్టే ఇముడుతుందన్న నమ్మకం మెకానిక్కులలో బలపడింది. బెంగళూరు శివాజీనగర్ గుజరీ అంగళ్ల వంటి చోట్ల పాత ఇంజన్లకు కొదవ లేదు కూడా.

ఇక బరువు సంగతి. ఆ బండికి తయారీదారు నిర్ణయించిన సరకు బరువు సుమారు 750 కిలోలు. బండి, సరకు, మనుషులు అంతా కలిపి 1550 కిలోలు. టమాటా పెట్టె 15 కిలోల చొప్పున లెక్కిస్తే యాభై పెట్టెలు. కోతల కాలంలో యాభై పెట్టెలతో మండీకి వచ్చే బండి ఎంత అరుదో అక్కడ ఒక్క ఉదయం నిలబడి చూసినవారికి తెలుసు. నూరు పెట్టెలు ఎక్కించారనుకొందాం. అప్పుడు మొత్తం బరువు 2300 కిలోలకు చేరుతుంది. నూరు మీటర్ల దూరానికి ఆరు మీటర్లు లేచే ఎత్తు మీద, ఇంజను మంచి స్థితిలో ఉంటే, యాభై పెట్టెల బండి గంటకు ముప్పై కిలోమీటర్ల వేగాన్ని కొంచెం అటూ ఇటుగా నిలుపుకొంటుంది. నూరు పెట్టెల బండి ఇరవై దగ్గరే ఆగిపోతుంది. ఖాళీ బండి యాభై దాటి పోగలదు. హైస్కూలు భౌతికశాస్త్రంతో ఎవరైనా వేసుకోదగిన లెక్కే ఇది. అంటే ఇంజను బలహీనత అని మనం అంటున్నదానిలో పెద్ద వాటా బరువుదే. మిగిలిన దానిలోనూ చాలా భాగం వయస్సుది: అరిగిన రింగులు, కారే నాజిళ్లు, సరిచూడని పంపు, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు.

అట్లని యజమానిని దురాశాపరుడని నిందించడం న్యాయం కాదు. బాడుగ పెట్టె లెక్కన వస్తుంది. డీజిలు ధర ట్రిప్పు లెక్కన పోతుంది. రైతుకు ధర పడిపోయిన రోజున పెట్టె బాడుగ మీదనే మొదట బేరం మొదలవుతుంది. యాభై పెట్టెలతో పోతే రాబడి డ్రైవరు కూలికి సరిపోతుందేమో గాని బండి వాయిదాకు మిగలదు. నూరు పెట్టెలు ఎక్కించడానికి మూలం ఇక్కడ ఉన్నది. ఇంజను మార్పిడికి మూలమూ ఇక్కడే ఉన్నది.

ఇప్పుడు షెడ్డులో జరిగేదేమిటో చూద్దాం. ఇండికా ఇంజను టార్క్ ఏస్ ఇంజనుకు రెట్టింపుకు మించి ఉంటుంది. ఆ బలం నేరుగా చక్రానికి చేరదు. క్లచ్చు ప్లేటు, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక హౌసింగు వీటన్నిటి గుండా పోవాలి. ఇవన్నీ చిన్న ఇంజనుకు తగినట్లు చేసినవి. మొదట క్లచ్చు జారుతుంది, తరువాత గేరుపళ్లు అరుగుతాయి, ఒకనాడు బరువుతో ఎత్తు ఎక్కుతుండగా యాక్సిలు తెగుతుంది. రేడియేటరు చాలక ఇంజను వేడెక్కుతుంది. వాటినీ ఒకదాని తరువాత ఒకటి మార్చుకొంటూ పోతే, ఆ ఖర్చుతో మరింత పెద్ద పాత బండినే కొనవచ్చునని యజమానికి ఆలస్యంగా తెలుస్తుంది. 1405 సి.సి. టర్బో ఇంజనుతో, 70 అశ్వశక్తితో 2009లో సూపర్ ఏస్‌ను తెచ్చినప్పుడు కంపెనీ పాత బండిలో ఇంజను ఒక్కటే మార్చి ఊరుకోలేదు. బండినే పెద్దదిగా రూపొందించింది.

అన్నిటికంటె ముఖ్యమైనవి బ్రేకులు. ఈ ప్రాంతపు భూమి తీరును ఒకసారి తలచుకోవాలి. కోలారు, పలమనేరు పీఠభూమి మీద ఉన్నవి. చిత్తూరు దిగువన ఉన్నది. మన సరకు చిత్తూరు, వేలూరు, చెన్నై వైపు పోయేటప్పుడు మొగిలి ఘాటు దిగుతుంది. శ్రీనివాసపురం తోతాపురి మామిడి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు పోవాలన్నా దిగుడే. అంటే నిండు బరువు దిగేటప్పుడు ఉంటుంది, ఎక్కేటప్పుడు చాలామార్లు బండి ఖాళీ. తిరుగు ప్రయాణంలో సిమెంటో ఎరువో ఎక్కించుకొన్నవారి సంగతి వేరు. పెద్ద ఇంజను ఉన్నదన్న ధైర్యంతో నూరు పెట్టెలు నూట ఇరవై అవుతాయి, వేగమూ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకులు పీల్చుకోవలసిన శక్తి నాలుగింతలు. ఆ బ్రేకులు మాత్రం 1550 కిలోల కొరకు చేసినవే. 2024 సెప్టెంబరులో ఆ ఘాటులోనే ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాదానికీ ఇంజను మార్పిడికీ సంబంధం లేదు గాని, ఆ దిగుడు ఎంతటి తప్పునైనా మన్నించే దిగుడు కాదని మాత్రం అందరికీ తెలిసింది.

ఇక చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో సుప్రీం కోర్టు ఈ నిబంధనను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో చేర్చిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు.

అయితే ఇంజను మార్చడమే నేరమని దీని అర్థం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడనే. పాడైన ఇంజను స్థానంలో అదే రకం ఇంజనును రవాణా శాఖ అనుమతితో వేసుకొని, కొత్త ఇంజను నంబరును పత్రంలో నమోదు చేయించుకొనే దారి ఉన్నది. మార్పు ముందే జరిగిపోతే పద్నాలుగు రోజులలో తెలియజేయాలని చట్టం అంటుంది. పది లేదా అంతకు మించి రవాణా వాహనాలు కలవారికి, అదే తయారీ, అదే రకం ఇంజనును ముందస్తు అనుమతి లేకుండా మార్చుకొనే సౌకర్యాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు కల్పించవచ్చు. ఒక్క బండి కలవానికి ఆ సౌకర్యం లేదు. అవసరం ఎవరికి ఎక్కువో వారికే దారి ఇరుకుగా ఉన్నది.

జరిమానా కంటె బరువైనది బీమా. ప్రమాదం జరిగిన తరువాత సర్వేయరు మొదట చూసేవాటిలో ఇంజను నంబరు ఒకటి. అది పత్రంతో కలవకపోతే బండి నష్టానికి ఇవ్వవలసిన సొమ్మును కంపెనీ నిరాకరించవచ్చు. ఎదుటివారు గాయపడినా మరణించినా, పాలసీ షరతులు తప్పినట్లు తేలిన సందర్భాలలో పరిహారాన్ని కంపెనీ ముందుగా చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుండి వసూలు చేసుకొనేందుకు ట్రిబ్యునళ్లు అనుమతించడం మన దేశంలో కొత్త కాదు. రెండెకరాల మడి, ఒక ఇల్లు ఆస్తిగా కలవానికి అటువంటి తీర్పు అంటే ఏమిటో వివరించనక్కరలేదు.

సరిహద్దువారికి ఇంకొక పీట ముడి ఉన్నది. ఇల్లు ములబాగిలులో, పొలం పలమనేరు వైపున, బండి నంబరు ఏపీ 03. లేదా ఇల్లు వి.కోటలో, నంబరు కేఏ 07. చట్టం 47వ సెక్షను ప్రకారం మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచిన వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలి. చాలామంది తీసుకోరు. దానికి నిరభ్యంతర పత్రం కావాలి, మళ్లీ పన్ను కట్టాలి. ఇంజను మార్పును తెలపవలసినది యజమాని నివసించే చోటి కార్యాలయానికి. ఆ కార్యాలయం దానిని మొదట నమోదు చేసిన కార్యాలయానికి పంపాలి. నంబరే చిక్కులో ఉన్నవాడు ఇంజను సంగతి చెప్పడానికి గడప ఎక్కుతాడా? ఎక్కడు. పైగా నోటీసు కన్నడంలో, దరఖాస్తు ఆంగ్లంలో, యజమాని చదువు తెలుగులో. ఏజెంటు చూపిన చోట సంతకం పెట్టి వచ్చేవారే ఎక్కువ.

ఇది ఇంతకాలం ఎవరికీ పట్టకుండా నడిచింది. ఇకపై నడవదు. సరకు వాహనాలకు ఎనిమిదేళ్లు నిండిన తరువాత ఏటేటా ఫిట్‌నెస్ తప్పదు. పదిహేనేళ్లు దాటిన బండ్ల ఫిట్‌నెస్ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుండి అనేక రెట్లు పెంచింది, ఆ తరువాతా సవరించింది. 2025 జూన్‌లో చిత్తూరు జిల్లా ఇతర రాష్ట్రాల తోతాపురిని రానీయబోమన్నప్పుడు సరిహద్దు మీద బండ్లు ఎట్లా నిలిచిపోయినవో శ్రీనివాసపురం రైతులు మరువలేదు. ఆనాటి వివాదం కాయ గురించి. కాని నిలిపిన బండికి కాగితాలు అడగడం ఎంతసేపు?

యజమాని ముందున్న దారులు ఎన్నో లేవు. పాత ఇంజనునే బోరు చేయించి, రింగులు, పిస్టన్లు మార్చి, పంపును, నాజిళ్లను సరిచేయిస్తే పోయిన శక్తిలో అధిక భాగం తిరిగి వస్తుంది. ఇంజను నంబరున్న బ్లాకును అట్లే ఉంచితే పత్రానికీ భంగం ఉండదు. బ్లాకే పగిలితే అదే రకం ఇంజనును బిల్లుతో కొని, వాయిదాలు మిగిలి ఉంటే అప్పిచ్చిన సంస్థ నుండి వ్రాతపూర్వక అంగీకారం తీసుకొని, అనుమతి పొంది వేయించాలి. బిల్లు లేని గుజరీ ఇంజను ఎవరి బండిదో, ఏ కేసులోదో తెలియదు. నిత్యం ఒకటిన్నర టన్ను మోయవలసిన వ్యాపారమైతే ఆ బరువుకు తగిన పికప్పును, పాతదైనా సరే, కొనడమే మేలు. 2022లో వచ్చిన విద్యుత్ ఏస్ టార్క్ 130 న్యూటన్ మీటర్లు. లాగుడులో పాత డీజిలుకు పొంతనే లేదు. అయితే దాని సరకు బరువు 600 కిలోలే. ధర, చార్జింగు మాట పక్కన పెట్టినా నలభై పెట్టెల బండి అది.

రెండు రాష్ట్రాల రవాణా శాఖలు చేయదగిన పని ఒకటున్నది. కోతలు మొదలు కాకముందే మండీలోనే ఉమ్మడిగా శిబిరం పెట్టి, అదే రకం ఇంజను మార్చుకొన్నవారి నంబర్లను అక్కడికక్కడే పరిశీలించి నమోదు చేయవచ్చు. తెలుగు, కన్నడ రెండింటిలో దరఖాస్తులు ఉంచవచ్చు. వేరే ఇంజను వేసుకొన్నవారు తిరిగి అసలు రకానికి మారేందుకు కొంత గడువు ఇవ్వవచ్చు. బాడుగను పెట్టె లెక్కన కాక ట్రిప్పు లెక్కన ఇచ్చే పద్ధతికి వర్తకులను ఒప్పించడం మార్కెట్ కమిటీ పని. అది శిబిరం పెట్టడం కంటె చాలా కష్టం.