కబూతర్లకు దానా, తాలాబ్‌కు మల్బా

మక్కా మస్జిద్ సహన్‌లో కబూతర్లకు జొన్నలు చల్లకుండా పెరిగిన పిల్లలు మన శహర్‌లో ఉంటారా? మా అబ్బా వేలు పట్టుకుని నేనూ చల్లాను. మిద్దెల మీద కబూతర్‌ఖానాలు, ముర్గీ చౌక్‌లో పంజరాల ముందు ఆకలి మరిచి నిలబడే పిల్లలు, ఎండాకాలం గోడ మీద మట్టి మూకుడులో నీళ్ళు పెట్టే నానీలు అందరూ మన దగ్గర ఉన్నారు. పాత శహర్ వాళ్ళకు పరిందాల మీద మొహబ్బత్ లేదని ఎవరైనా అంటే నేను కొట్లాటకు దిగుతాను.

అయినా ఈ రోజు మన మీద మనకే ఒక శికాయత్ చేయడానికి కూర్చున్నాను.

మొన్న డిసెంబర్‌లో ఒక ఇత్వార్, ఫజర్ నమాజ్ అయ్యాక మా భాంజాను బండి మీద ఎక్కించుకుని మీర్ ఆలం తాలాబ్‌కు పోయాను. పాత దుర్బీన్ ఒకటి ఉంది నా దగ్గర. నీళ్ళు వెనక్కి పోయి బురద తేలిన చోట కూర్చున్నాం. చాయ్ గ్లాస్ చేతిలో పట్టుకుని ఒక పెద్దాయన వచ్చి మా వెనకాలే నిలబడ్డాడు. "క్యా దేఖ్‌రే మియా? ఉధర్ కిచ్చడ్ కే సివా కుచ్ నై హై."

"వహీచ్ దేఖ్‌రే చాచా, కిచ్చడ్‌చ్" అన్నాడు మావాడు. చాచా నవ్వి వెళ్ళిపోయాడు. పాగల్ అనుకుని ఉంటాడు.

ఆ కిచ్చడ్‌లో ఏముందో చెబుతాను. సన్నటి గులాబీ రంగు కాళ్ళ మీద, నలుపు రెక్కలతో, పేరంటానికి వచ్చినట్టు మెల్లగా అడుగులేసే పిట్టలు ఇరవై దాకా ఉన్నాయి. అంగ్రేజీలో బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ అంటారు. మన జబాన్‌లో దాని పేరు ఇంకా బాగుంటుంది: గజ్‌పావ్. గజం పొడవు కాళ్ళది అని. దర్జీ కొలిచి పెట్టిన పేరు లాగా ఉంది కదా! వాటికి కొంచెం దూరంలో తోక పైకీ కిందికీ ఊపుకుంటూ ఒంటరిగా తిరిగేది ఉల్లంకి. బురదలో ముక్కు మొత్తం గుచ్చి కుట్టుమెషిన్ సూదిలా ఆడించేది చహా. నవాబుల, అంగ్రేజుల శికార్ కబుర్లలో ఈ చహా పేరు తరచూ వస్తుంది. గాలిలో వంకరటింకరగా పోయే ఈ పిట్టను గురిచూసి కొట్టడం ఎంత కష్టమంటే, హిందుస్తాన్‌లో దాన్ని వేటాడిన అంగ్రేజుల మాటల్లోంచే 'స్నైపర్' అనే లఫ్జ్ పుట్టింది.

గజ్‌పావ్‌లు ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాయి. మిగతావి చాలా వరకు ముసాఫిర్లు. మన చెరువులకు వచ్చే లిటిల్ స్టింట్ అనే చిట్టి ఉల్లంకి బరువు మూడు పది రూపాయల బిళ్ళలంత. అది గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ సముద్రం పక్కన, రష్యాకు పైన ఉండే మంచు మైదానాల్లో. అక్కడ చలి ముదరక ముందే బయలుదేరి, మధ్య ఆసియా దేశాల మీదుగా వేల కిలోమీటర్లు ఎగిరి, ఆగస్టు సెప్టెంబర్ నుంచి మన దగ్గర దిగుతుంది. ఏప్రిల్ దాకా మెహమాన్‌గా ఉండి తిరిగి పోతుంది. పాస్‌పోర్ట్ లేదు, ఏజెంట్ లేడు. దుబాయ్‌కో జెడ్డాకో పోయిన మన పిల్లలు కూడా ఇంత దూరం పోలేదు.

ఇంత దూరం వచ్చేది దేనికోసం? ఆ కిచ్చడ్ కోసమే. చెరువు బురదలో ఎర్రటి సన్న పురుగులు, చిన్న నత్తలు, నీటి పురుగులు లెక్కలేనన్ని ఉంటాయి. వానాకాలం చెరువు నిండుతుంది, దసరా తర్వాత నీళ్ళు మెల్లగా వెనక్కి పోతాయి. వారం వారం కొత్త బురద తేలుతుంది, అంటే వారం వారం కొత్త దస్తర్‌ఖాన్ పరిచినట్టే. దాని మీద ఎవరి హిస్సా వాళ్ళదే. చిన్న ముక్కు స్టింట్ పైపైన ఏరుకుంటుంది. చహా లోపల ఉన్నదాన్ని ముక్కు కొనతో తడిమి లాగుతుంది, కంటితో చూడాల్సిన పని లేదు. గజ్‌పావ్ అర అడుగు నీళ్ళలో నడుస్తూ తింటుంది. స్టింట్ లాంటి చిన్నవాటికి రెండు మూడు అంగుళాల నీళ్ళు దాటితే నిలబడే జాగా లేదు. తిరుగు సఫర్‌కు ముందు కొన్ని ఉల్లంకులు ఒంట్లో కొవ్వు పట్టించి దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. ఆ కొవ్వే వాటి పెట్రోల్. ఇక్కడ తిండి దొరకకపోతే తిరిగి ఇంటికి చేరే తాకత్ ఉండదు.

అంటే ఈ పరిందాలకు కావలసింది నిండు చెరువు కాదు, చెరువు అంచు. ఇది అర్థం కావడానికి నాకే చాలా ఏళ్ళు పట్టింది. మనం చెరువును రెండు రకాలుగానే చూస్తాం. నీళ్ళు మెరుస్తుంటే తఫ్రీహ్ జాగా, ఫొటో దిగుతాం. నీళ్ళు పోయి బురద తేలితే బేకార్ జమీన్, మల్బా పోస్తాం. పాత ఇల్లు కూల్చినా, మోరీ తవ్వినా, బాత్రూమ్ టైల్స్ మార్చినా ఆ మల్బా రాత్రికి రాత్రి ఏదో ఒక చెరువు అంచుకే చేరుతుంది. షాదీఖానాల జూఠా, చికెన్ దుకాణాల వేస్ట్, బక్రీద్ తర్వాత మనం సిగ్గు లేకుండా పారేసే ఓఝడీ కూడా అక్కడికే. దానికి కుక్కల మందలు చేరతాయి. కుక్కలు తిరిగే బురదలో ఏ ఉల్లంకీ దిగదు.

ఆ అంచుకు మన పెద్దలు ఒక పేరు పెట్టారు. పట్వారీ కాగితాల్లో చెరువులో మునిగే భూమిని 'శిఖం' అంటారు. తెలుగువాళ్ళు అది తెలుగు మాటే అనుకుంటారు. అది మన ఫార్సీ 'శికమ్'. అంటే పేట్, కడుపు. అది చెరువు కడుపు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే తగ్గుతుంది. ఇంత సాఫ్‌గా పేరు పెట్టి పోయాక కూడా అందులో మనం ప్లాట్లు కొంటున్నాం.

ఖాళీ కడుపుతో పొద్దున వెళ్ళి నిండు కడుపుతో సాయంత్రం తిరిగొచ్చే పక్షి హదీస్ మనందరికీ తెలుసు. తవక్కుల్ మీద బయాన్ ఏదైనా ఆ పక్షి లేకుండా పూర్తి కాదు. నేను అడిగేది ఒక్కటే. ఆ పక్షి ఇంట్లో కూర్చోలేదు, వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళింది? రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్, అందులో శక్ లేదు. కానీ ఆయన పరిచిన దస్తర్‌ఖాన్ మీద సిమెంట్ పోసింది మనమే కదా. సూరా అన్ఆమ్‌లో పరిందాలను కూడా మనలాంటి ఉమ్మతులుగా చెప్పిన ఆయత్ మీద జుమ్మా ఖుత్బా నేను ఇంతవరకు వినలేదు. ఎవరైనా ఖతీబ్ సాబ్ ఇది చదివితే ఒక జుమ్మా దీనికి ఇవ్వాలని నా గుజారిష్.

ఇక్కడ కొందరు నన్ను ఆపుతారని తెలుసు. "భాయ్, మనుషులకే జాగా లేదు, నీకు చిడియా ఫికర్ ఏంటి?" 2020 అక్టోబర్ దాకా నా దగ్గర కూడా దీనికి గట్టి జవాబు లేదు.

ఆ నెల 13 రాత్రి వాన మీకు యాదుంటుంది. పల్లె చెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ, అలీ నగర్ మునిగాయి. కొట్టుకుపోయిన వాళ్ళలో ఒకే ఖాందాన్ వాళ్ళు ఉన్నారు. నాలుగు రోజులకు, 17 రాత్రి, బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. హాఫిజ్ బాబా నగర్‌లో మా ఖాలా ఇల్లు కట్ట దిగువన ఉంటుంది. రిజిస్ట్రీ కాగితాలు పక్కా, శిఖంలో ఒక గజం కూడా లేదు. అయినా ఛాతీ దాకా నీళ్ళు. జహేజ్ కోసం కొన్న ఫ్రిజ్, అల్మారీ, పరుపులు అన్నీ పోయాయి. ఖాలా ఏడ్చింది వాటికి కాదు. మూడు తరాల నికాహ్‌నామాలు, మా నానా రాసుకున్న డైరీలు ముద్దగా అయిపోయినందుకు ఏడ్చింది.

ఆ రోజు వాన హద్దు దాటి పడింది, నిజమే. కానీ మన చెరువులు ఒకదానికొకటి గొలుసుగా కట్టినవి. ఒకటి నిండితే అలుగు పారి నాలా గుండా కింది దానికి పోవాలి. కడుపులో మల్బా, నాలా మీద ఇళ్ళు ఉంటే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? గజ్‌పావ్ నిలబడాల్సిన అర అడుగు నీళ్ళు కట్ట మీదికి ఎక్కుతాయి, మా ఖాలా ఇంట్లోకి వస్తాయి. పరిందాలు దిగే జాగా, సైలాబ్ నీళ్ళు ఆగే జాగా ఒకటే. ఇది కొత్త సబక్ కూడా కాదు. 1908 సెప్టెంబర్ 28 మూసీ తుగ్యానీ తర్వాతే కదా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టింది! నీళ్ళకు జాగా ఇవ్వాలని ఆ హుకూమత్‌కు అర్థమైంది. ఆ రెండు సాగర్ల కోసం 1996లో తెచ్చిన 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేశారు. నా ఉద్దేశంలో అది తప్పు.

మరి శిఖంలో ఇప్పటికే ఇల్లు కట్టుకున్న వాళ్ళు? మా మొహల్లాలో ఆటో నడిపే ఒక భాయ్ ఉన్నాడు. భార్య నగలు అమ్మి, చీటీ ఎత్తి, నోటరీ కాగితం మీద ఎనభై గజాలు కొన్నాడు. 2024లో హైడ్రా వచ్చినప్పటి నుంచి బుల్డోజర్ శబ్దం వింటే ఆయనకు నిద్ర పట్టదు. పక్షుల కోసం ఆయన ఇల్లు కూల్చాలని నేను అనలేను. అనను. కూల్చాల్సి వస్తే ముందు వేరే ఇల్లు చూపించాలి. అసలు ముందు పట్టుకోవాల్సింది ఆ కాగితం అమ్మి, డబ్బు లెక్కపెట్టుకుని, వేరే చోట బంగళా కట్టుకున్న వాళ్ళను. వాళ్ళలో మన వాళ్ళూ ఉన్నారు. నమాజ్‌లో ముందు సఫ్‌లో నిలబడతారు, సలాం చెబితే జవాబు కూడా ఇస్తారు. ఈ మాట రాసినందుకు నాకు ఫోన్లు వస్తాయి. రానివ్వండి.

కొనేవాళ్ళకు ఒక మాట. 'శిఖం పట్టా ఉంది' అని ఎవరైనా కాగితం చూపిస్తే ఖుష్ అయిపోకండి. ఆ పట్టా నీళ్ళు తగ్గినప్పుడు పంట వేసుకోవడానికే, ఇల్లు కట్టడానికి కాదు. చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. పాతిక ఎకరాలు, అంటే పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్. బయానా ఇచ్చే ముందు హెచ్‌ఎండీఏ నక్షాలో చూడండి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉన్నారు కదా, వాళ్ళతో చూపించుకోండి.

సర్కార్‌తో నాకు ఇంకో గొడవ ఉంది. చెరువును బాగు చేయడం అంటే చుట్టూ రాళ్ళు పేర్చి, వాకింగ్ ట్రాక్ వేసి, రంగు లైట్లు పెట్టడం అనుకుంటున్నారు. ట్రాక్ కావాలి, నేను కాదనను. మన ఔరతులు నడవడానికి ఈ శహర్‌లో జాగా ఎక్కడుంది? కానీ నాలుగు వైపులా నిట్టనిలువు రాతి గోడ కడితే బురద ఒడ్డు ఉండదు, దస్తర్‌ఖాన్ ఉండదు. ఒక వైపైనా పల్లంగా, కచ్చాగా వదిలేయండి. గుర్రపు డెక్క తీయండి, అది పరుచుకుంటే బురద పిట్టకు అందదు. మోరీ నీళ్ళు ఆపండి. గజ్‌పావ్‌లు గంధే నీళ్ళను కూడా సహిస్తాయి, అందుకే అవి కనిపించాయని చెరువు సాఫ్‌గా ఉందనుకోవద్దు.

మీర్ ఆలం తాలాబ్‌ను సికందర్ జా దీవాన్ మీర్ ఆలం 1804లో మొదలుపెట్టించాడు, 1806లో పూర్తయింది. 21 అర్ధచంద్రాకారపు కమాన్లు నీళ్ళకు ఎదురుగా ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాయి. రెండు సాగర్లు రాకముందు శహర్ తాగింది ఈ నీళ్ళే. జూ పార్క్‌కు వెళ్ళే మన పిల్లలు పులిని చూస్తారు, ఏనుగును చూస్తారు. టికెట్ లేకుండా ఆర్కిటిక్ నుంచి వచ్చినవాటిని చూడకుండానే తిరిగి వస్తారు.

సలీం అలీ పేరు వాళ్ళలో ఎంతమందికి తెలుసు? బంబయి ముస్లిం ఖాందాన్ పిల్లాడు. హిందుస్తాన్ పరిందాల గురించి ఆయన రాసినంత ఇంకెవరూ రాయలేదు. 1931-32లో నిజాం రియాసత్ మొత్తం తిరిగి ఇక్కడి పక్షుల సర్వే చేశాడు, బేగం తహ్‌మీనా కూడా ఆ క్యాంపుల్లో ఆయనతో ఉంది. డాక్టర్, ఇంజనీర్, లేకపోతే సౌదీ వీసా అని పిల్లలకు మూడే దారులు చూపిస్తాం. ఒకడు పొద్దున్నే దుర్బీన్ పట్టుకుని బయలుదేరితే 'సుర్ఖాబ్ కే పర్ లగే క్యా తేరేకు?' అని వెక్కిరిస్తాం. ఆ సుర్ఖాబ్ కూడా చలికాలం మన చెరువులకు వచ్చే ముసాఫిర్ బాతే అని తెలియదు మనకు.

ఆ ఇత్వార్ ఇంటికొచ్చాక భాంజా మా అపాతో అన్నాడట, "అమ్మీ, ఆ పిట్టలు దానా తినవట, వాటికి మనం ఏమీ ఇవ్వలేమట" అని. నేనూ ఆ రాత్రి అదే ఆలోచించాను. కబూతర్‌కు దానా చల్లితే మన చేతికి సవాబ్ కనిపిస్తుంది. ఉల్లంకికి చేయగలిగిందల్లా ఆ బురద జోలికి పోకుండా ఉండడమే. మల్బా ఆటో వాడికి రెండు వందలు తక్కువిచ్చి 'ఎక్కడైనా పారేయ్' అనే ముందు, ఆ ఎక్కడైనా ఎక్కడో అడగడం. మా గల్లీలో గత నెల ఇద్దరిని ఆపాను. ఒకరు వినలేదు.

జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షులను లెక్కపెడతారు. అదే నెలలో ఒక ఇత్వార్ మేం మళ్ళీ పోతున్నాం. ఈసారి దుర్బీన్ తన చేతిలోనే ఉండాలని భాంజా షర్త్ పెట్టాడు. రావాలనుకునే వాళ్ళు పిల్లలను తీసుకుని ఫజర్ తర్వాత రండి. చప్పల్ వద్దు, బూట్లు వేసుకోండి. ఫ్లాస్క్‌లో చాయ్ నేను తెస్తాను, ఉస్మానియా బిస్కెట్లు మీరు.