మడికి వేశాం, బిడ్డకు వేయలేదు

వరి ఆకు మీద తుప్పు మచ్చ కనిపిస్తే మనం ఊరుకోం. లీటరు నీళ్లకు రెండు గ్రాముల జింక్ సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తాం. తర్వాతి పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు చల్లుతాం. దాన్ని డీఏపీతో కలపకూడదని కూడా మనకు తెలుసు. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ప్రాజెక్టుల నీళ్లొచ్చాక మన పాలమూరు ప్రాంతంలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో వరి పెరిగింది, దాంతోపాటు ఈ తెలివీ పెరిగింది. విరేచనాలతో వాడిపోయిన బిడ్డకు అదే జింకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు వేయాలి. అది మాత్రం వేయలేదు. ఈ తప్పు ఏ ఒక్కరిదో కాదు, మనందరిదీ.

తెలియక జరిగిందని చెప్పుకునే వీల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2004లోనే ఈ మాట చెప్పాయి. పదేళ్ల తర్వాత, 2014 నుంచి, మన దేశంలో అతిసార నియంత్రణ పక్షోత్సవాలు మొదలయ్యాయి. ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఇంటికే తెచ్చిస్తుంది. జింకు మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో విరేచనాలైన ఐదేళ్లలోపు పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది నూటికి 60 మందికి, జింకు అందింది 30 మందికే. మిగిలిన డెబ్బై మందిలో మన పిల్లలు లేరని ఏ ముఖం పెట్టుకుని అంటాం?

విరేచనంతో నీళ్లు, లవణాలే కాదు, జింకు కూడా పోతుంది. శరీరం దాన్ని పెద్దగా దాచుకోలేదు. దెబ్బతిన్న పేగు పొర మళ్లీ కుదురుకోవడానికి, రోగాన్ని ఎదుర్కోవడానికి అది కావాలి. జింకు వేస్తే విరేచనాలు త్వరగా తగ్గుతాయి. మొత్తం మాత్రలు వేస్తే తర్వాతి రెండు మూడు నెలల పాటు మళ్లీ పట్టుకునే అవకాశమూ తగ్గుతుంది. మనం చేసిందేమిటి? మోషన్లు ఆగగానే మాత్రల పట్టీ గూట్లో పడేశాం. ఓఆర్‌ఎస్ తాగించమన్న డాక్టరును తేలిగ్గా చూసి, సెలైన్ ఎక్కించమని ఆర్‌ఎంపీ దగ్గర పట్టుబట్టాం. ఆయన అవసరం లేని చోటా యాంటీబయాటిక్ ఇస్తే మంచి చెయ్యి అని మెచ్చుకున్నాం. ఊరు అతిసారంతో మంచాన పడినప్పుడు వార్తలు రాసినవాళ్లం పైపులైను లీకేజీ గురించి రాశాం, మంచిదే. పద్నాలుగు రోజుల మాత్రల సంగతి అందులో చేర్చడం మరిచాం.

జింకు పేరు వినని ఊరు లేదు. కరోనా రోజుల్లో దాని కోసం మందుల షాపుల ముందు నిలబడ్డాం. 50 మిల్లీగ్రాముల మాత్రలు నెలల తరబడి మింగినవాళ్లున్నారు. పెద్దవాళ్లకైనా రోజుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదని, దీర్ఘకాలం దాటితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత రావచ్చని ఎవరమూ అడిగి తెలుసుకోలేదు. మేలు గట్టిగా రుజువు కాని చోట పెద్దలం గుప్పిళ్లతో మింగాం. మేలు రుజువైన చోట పిల్లలకు ఇవ్వలేదు.

మాత్ర అతిసారం నాటి మాట. రోజువారీ జింకు కంచంలోంచే రావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పురుషుడికి రోజుకు 17, స్త్రీకి 13 మిల్లీగ్రాములు అవసరం. పాలమూరు కంచంలో ఒకప్పుడు జొన్నరొట్టె, కొర్రన్నం, తైదంబలి, కందిపప్పు ఉండేవి. గింజల్లోని ఫైటేట్ జింకును ఒంటికి పట్టనివ్వదు. అంబలి పులిస్తే, గింజ మొలకెత్తితే ఆ అడ్డు తగ్గుతుంది. పెద్దలు రాత్రి కలిపి పులియబెట్టిన అంబలిని పేదల తిండి అని దూరం పెట్టాం. తెల్లన్నమే మర్యాద అనుకున్నాం. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ ఇచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 45 అనే రకం 2016లో విడుదలైంది. పాలిష్ పట్టాక కూడా దాని బియ్యంలో కిలోకు 22 మిల్లీగ్రాములకు పైగా జింకు ఉంటుంది. మామూలు బియ్యంలో ఉండేది 12 నుంచి 16. విత్తనాల దుకాణంలో ఆ రకం గురించి అడగలేదు. ఎన్ని క్వింటాళ్లు పండుతుంది, మిల్లరు కొంటాడా అన్నవే మన ప్రశ్నలు. వేరుశనగ బస్తాలు మార్కెట్‌కు తోలాం, బడికి వెళ్లే పిల్ల చేతిలో పిడికెడు పల్లీలు పెట్టలేదు.

ఎదిగే వయసు పిల్లల విషయంలో మన తప్పు ఇంకా పెద్దది. బీహార్‌లోని బక్సర్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ ఇరాన్‌లోని షిరాజ్‌లో ఒక రోగిని చూశారు. 21 ఏళ్ల ఆ యువకుడు పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. జింకు లోపిస్తే మనిషి ఎదుగుదల ఆగిపోతుందని 1960ల్లో ఈజిప్టులో ఆయన బృందం చేసిన పరిశోధనల్లో తేలింది. మన దేశంలో 2016-18 సమగ్ర పోషకాహార సర్వే 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో నూటికి 32 మందికి జింకు లోపం ఉందని చెప్పింది. సరిగ్గా ఆ వయసు ఆడపిల్లల్ని గద్వాల నడిగడ్డ సీడు పత్తి చేలలో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి దించాం. పొట్టిగా ఉంటే వంశం అన్నాం, పుండు మానకపోతే దిష్టి అన్నాం. ప్రతి పొట్టి పిల్లకూ జింకు లోపమే ఉండకపోవచ్చు. తిండి ఎలా ఉందని అడగాల్సిన మనం అడగనే లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. దూరం, డబ్బు, తెలియనితనం అనే సాకులు ఒక్కొక్కటే చెల్లకుండా పోయాయి. మిగిలింది మన నిర్లక్ష్యమే.

ఇకనైనా ఇంట్లో ఐదేళ్లలోపు బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు మాత్రలు అడిగి తెచ్చుకోండి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పసివాళ్లకు 10. చెంచాడు తల్లిపాలలోనో, కాచి చల్లార్చిన నీళ్లలోనో కరిగించి పట్టండి. తల్లిపాలు, తిండి ఆపకండి. కళ్లు గుంటలు పడినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేకపోయినా ఆసుపత్రికి పరుగెత్తండి. మోషన్లు ఆగిపోయినా సరే, పద్నాలుగో రోజు మాత్ర కూడా వేయండి.