భయపెట్టే సినిమాలు – మన పసిపిల్లలు



వేసవి సెలవుల్లో పిల్లలు అమ్మమ్మగారి ఊళ్ళకు వెళ్తారు. అక్కడ పెద్దపిల్లల చేతుల్లో ఫోన్లు ఉంటాయి. మధ్యాహ్నం పెద్దలు నిద్రపోతుంటే ఐదేళ్ల పిల్లవాడు దుప్పటి కింద అరుంధతి చూసేస్తాడు. ఇంటికొచ్చాక చాలా రోజులు దొడ్లోకి ఒంటరిగా వెళ్ళడు, రాత్రి పక్క తడుపుతాడు. అప్పుడు మాకు కబురు వస్తుంది: "అయ్యగారూ, బాబుకి గాలి సోకినట్టుంది, వచ్చి ప్రార్థన చేయండి."

తప్పకుండా వస్తాం, ప్రార్థన చేస్తాం. కానీ ఒక్క మనవి. "గాలి" అనే మాట ఆ పిల్లవాడు వినేలా అనకండి. వాడికి పట్టింది భయం. పగలు చూసిన పశుపతి మొహం చీకట్లో గుర్తొస్తోంది, అంతే. వాడి నెత్తిన చెయ్యి పెట్టి దయ్యాన్ని గద్దిస్తూ కేకలు వేస్తే, నువ్వు చూసిందంతా నిజమేనని మనమే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. ఆ తర్వాత వాడి భయం తీర్చడం ఎవరి తరం?

కొందరు పెద్దలు అడుగుతారు, విశ్వాసుల పిల్లలకు అసలు భయపెట్టే సినిమా ఎందుకని. క్షుద్రపూజల సినిమాలు మన ఇళ్ళలో అక్కర్లేదని మేమూ అంటాం. కానీ భయం లేని కథ ఏది? సండే స్కూల్లో దానియేలును సింహాల గుహలోకి దించేది మనమే. గొల్యాతు తల నరికించేదీ మనమే. అయితే దానియేలు మీద నేరం మోపినవాళ్ళను, వాళ్ళ భార్యాపిల్లలతో సహా, తర్వాత అదే గుహలో పడేశారని అదే అధ్యాయంలో ఉంది. ఆ మాట ఐదేళ్ల క్లాసులో ఏ టీచరమ్మా చెప్పదు, పదిహేనేళ్ల వాళ్ళకు చెబుతుంది. వయసునుబట్టి కొలత వేయడం మనకు తెలిసిన పనే. ఆ కొలతే సినిమాకీ వేయమంటున్నాం. (అన్నం తినకపోతే బూచోడికి ఇచ్చేస్తామని బెదిరించే తల్లులు సినిమాలను తిడుతుంటే మాకు కాస్త నవ్వొస్తుంది.)

సెన్సార్ బోర్డు కూడా 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ను మూడుగా విడదీసింది: ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు. ఆ అంకె తల్లిదండ్రులకు సలహా మాత్రమే. మీ పిల్ల సంగతి బోర్డుకు తెలియదు, మీకు తెలుసు.

అమెరికాలో ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన ఉండేవారు. ప్రెస్బిటేరియన్ సంఘంలో అభిషేకం పొందిన సేవకుడు. పులిపీట ఎక్కి ప్రసంగించడం బదులు ఏళ్ల తరబడి టీవీలో చిన్నపిల్లల కార్యక్రమం నడిపారు, అదే తన పరిచర్య అనుకున్నారు. 1939లో వచ్చిన విజర్డ్ ఆఫ్ ఆజ్ సినిమాలో పచ్చమొహం మంత్రగత్తెను చూసి ఎన్నో తరాల పిల్లలు హడలిపోయారు. ఆ వేషం వేసిన మార్గరెట్ హామిల్టన్‌ను రోజర్స్ 1975లో తన కార్యక్రమానికి పిలిచారు. ఆమె మామూలు బట్టల్లో వచ్చి కూర్చుంది. నవ్వుతూ మాట్లాడింది. ఆ తర్వాత పిల్లలు చూస్తుండగానే నల్లగౌను, టోపీ ఒక్కొక్కటే వేసుకుంది. మంత్రగత్తె ఎలా తయారైందో పిల్లలకు కనబడింది. మరుసటి ఏడు అదే ఆమె సెసమీ స్ట్రీట్ అనే ఇంకో పిల్లల కార్యక్రమంలో పూర్తి వేషంతో నిజం మంత్రగత్తెలాగే వచ్చింది. పిల్లలు భయపడ్డారని తల్లిదండ్రులు ఉత్తరాలు రాశారు, ఆ భాగాన్ని మళ్ళీ ప్రసారం చేయకుండా పక్కన పెట్టేశారు. మనిషి ఒకరే, టోపీ ఒకటే. చూపించిన తీరు వేరు.

మన ఇళ్ళలోనూ అలాగే చేయొచ్చు. మొదట లయన్ కింగ్ లాంటిది చాలు. 2019లో వచ్చింది నాని, జగపతిబాబు గొంతులతో తెలుగులోనే ఉంది. ముఫాసా చనిపోయే చోట పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. పగలు చూపించండి, కిటికీలు తెరిచి ఉంచండి, సౌండు తగ్గించండి. భయపెట్టడంలో సగం పని ఆ శబ్దానిదే. తండ్రి పక్కన ఉండాలి, ఫోనులో కాదు. రిమోటు పిల్ల చేతికే ఇవ్వండి. "ఆపనా నాన్నా?" అంటే ఆపేయండి, కానీ అక్కడే వదలొద్దు. తర్వాత ఏమైందో, ఎవరు బతికారో, చివరికి ఇంటికి ఎలా చేరారో నోటితో చెప్పండి. సగంలో ఆగిన భయమే రాత్రి మంచం దగ్గరికి వస్తుంది. ఇక "మగపిల్లాడివి, ఏంట్రా భయం" అని నవ్వే బాబాయిలను, మావయ్యలను ఆ పూట గదిలోకి రానివ్వకండి.

ఏడేళ్లు నిండనివాళ్ళకు "అది రక్తం కాదురా, రంగు" అని చెబితే తలాడిస్తారు. రాత్రి మాత్రం ఆ మొహమే గుర్తొస్తుంది. వాళ్ళకు మాట కంటే ఒడి మేలు చేస్తుంది. పదేళ్లు దాటినవాళ్ళతో మాట్లాడొచ్చు.

మన సంగతికి వద్దాం. మన పల్లెల్లో చాలామంది పిల్లలు రాత్రిపూట తెరమీద చూసిన మొదటి భయంకర దృశ్యం ఏదో తెలుసా? 1978లో వచ్చిన కరుణామయుడు. విజయచందర్‌గారి ఒంటి మీద కొరడా దెబ్బలు, మేకులు. ఆ సినిమా వల్ల ఎందరో ప్రభువును తెలుసుకున్నారు, అందుకు స్తోత్రం. అయినా ముందు వరుసలో చాప మీద కూర్చునేది నాలుగేళ్ల, ఐదేళ్ల పిల్లలే. తల్లులేమో వెనక ఉంటారు. సిలువ ఘట్టానికి ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోతారు, పునరుత్థానం చూడకుండానే వాళ్ళను భుజానేసుకుని ఇళ్ళకు వెళ్ళిపోతాం.

అందుకని ఈసారి మందిరం ముందు తెర కట్టినప్పుడు ఏడేళ్లలోపు పిల్లలను తల్లుల ఒళ్ళోనే కూర్చోబెట్టాలని సంఘపెద్దలతో మాట్లాడాం. సిలువకు ముందు కాసేపు ఆపి లైట్లు వేస్తాం. ఇంటికి తీసుకెళ్ళాలనుకున్నవారు అప్పుడు తీసుకెళ్ళొచ్చు. ఆ పిల్లల కోసం చివరి భాగం మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మందిరంలోనే మళ్ళీ వేస్తాం. టిఫిను సంఘం తరఫున.