ఊరు కట్టుటకు ముందు ఊరివారిని అడుగవలెను

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయములో ఏటా మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని రోజులు, మబ్బు లేనప్పుడు, ఉదయకిరణములు వాకిళ్లు దాటివచ్చి స్వామి పాదములను తాకును. ఈ వింతను చూడ వేలాది జనము వత్తురు. భక్తి సంగతి అటుంచి రైతు కంటితో చూచిన, ఇందులో ఒక పాఠము కలదు. ఆ గుడి కట్టిన వారు రాయి నాటుటకు ముందు సూర్యుని నడకను చూచుకొనిరి. తరువాతి వారు ఆ కిరణముల దారికి అడ్డు కట్టక కాపాడిరి. కట్టడము ముందు కాదు, చూపు ముందు.

నేడు అదే అరసవల్లి చుట్టుపట్ల జరుగుచున్నది ఇందుకు విరుద్ధము. శ్రీకాకుళమునకు తూర్పున రెండు కిలోమీటర్ల దూరములోనున్న ఈ గ్రామము పట్టణములో కలిసిపోయినది. గార రోడ్డు వెంట వెళ్లినను, ఆమదాలవలస వైపు వెళ్లినను, నిన్నటి వరిమడిలో నేడు హద్దురాళ్లు కనుపించును. ఇక్కడ రెండెకరములు, అక్కడ నాలుగెకరములు లేఅవుటుగా మారుచున్నవి. ఎవరి భూమి వారు అమ్ముకొనుటలో తప్పు లేదు. కాని మడి ఒంటరిది కాదు. మదుము నుండి కాలువ, కాలువ నుండి బోదె, పై మడి నుండి దిగువ మడికి నీరు నడచును. నడుమనున్న రెండెకరములను మూడడుగుల ఎత్తున గ్రావెలు పోసి లేపినచో, దిగువ రైతునకు వేసవిలో నీరందదు. పైరైతునకు వానలలో నీరు దిగదు. అమ్మినవాడు ఒకడు, నష్టపడువారు పదిమంది. ఆ పదిమందియు రెండు మూడేండ్లు పంట పోగొట్టుకొని, చివరకు వారును అమ్ముకొందురు. చెరువు క్రింద ఆయకట్టు ఈ విధముగా ఎవరును నిర్ణయించకుండగనే మాయమగును.

పట్టణము పెరుగరాదని చెప్పుట నా ఉద్దేశము కాదు. శ్రీకాకుళము జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడినది. నాటి నుండి నేటి వరకు ఈ జిల్లా బిడ్డలు కూలికి, కొలువుకు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై పోవుచునే యున్నారు. ఇంటికి చేరువలో పని, బడి, వైద్యము దొరకు పట్టణము రావలెనని కోరని తల్లి లేదు. ఇండ్లు రాక తప్పదు. అవి ఎక్కడ రావలెను, ఎవరిని అడిగి రావలెను అన్నదే ప్రశ్న.

నా అభిప్రాయము ఇది. రాబోవు ఇరువది, ముప్పది ఏండ్లలో ఈ ప్రాంతమునకు రానున్న ఇండ్లను పల్లపు మడులలో ముక్కలుగా చల్లుటకంటె, మెట్టలు, గరువులు ఉన్న చోట చక్కని ప్రణాళికతో ఒక పెద్ద కొత్త ఊరుగా నిర్మించుట మేలు. అయితే ఆ చోటు, ఆ విస్తీర్ణము, ఆ షరతులు గ్రామసభలలో తేలిన తరువాతనే పటము గీయవలెను. పటము గీచి పిమ్మట సభ పిలుచుట సంప్రదింపు కాదు, సమాచారము చెప్పుట మాత్రమే.

ఈ మాటకు మన రాష్ట్రములోనే సాక్ష్యము కలదు. అమరావతి రాజధాని కొరకు 2015 నుండి భూసమీకరణ పద్ధతిన 33 వేల ఎకరములకు పైగా భూమిని సుమారు 28 వేల మంది రైతులు ఇచ్చిరి. ఎకరము మెట్టకు 1,000 గజముల నివాస స్థలము, 250 గజముల వాణిజ్య స్థలము, ఏటా 30 వేల రూపాయల కౌలు. జరీబు భూమికి 1,000, 450 గజములు, 50 వేల కౌలు అని ఒప్పందము. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినది. 2019 చివర మూడు రాజధానుల ఆలోచన రాగా పనులు ఆగిపోయెను. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షమున తీర్పు చెప్పినది. ఆ ఏడు సెప్టెంబరు 12న ఆ రైతులు వెంకటపాలెము నుండి మన అరసవల్లికి పాదయాత్ర ఆరంభించి, అక్టోబరులో కోనసీమలో ఆపివేసిరి. 2025 మే 2న పనులు తిరిగి ప్రారంభమైనవి.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అను చర్చకు ఈ పుటలు తగిన చోటు కాదు. రైతు గ్రహించవలసినవి రెండు. మొదటిది, భూమి చేతులు మారిన రోజున రైతుది పూర్తి అయినది. ఎదుటి పక్షము చేయవలసినది మాత్రము ఏండ్ల తరబడి మిగిలియుండును. రోడ్డు, మురుగుకాలువ లేని ప్లాటు అటు పొలమూ కాదు, ఇటు ఇంటిస్థలమూ కాదు. కనుక ప్రభుత్వములు మారినను మారని విధముగా, ఏ పని ఏ తేదీకి పూర్తి కావలెనో, కానిచో భూమి ఏమగునో ముందే వ్రాతలో నుండవలెను. రెండవది, భూమిలేని కుటుంబములకు అక్కడ నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పరచిరి, ఇది మంచిదే. కాని ఆ భూమినే నమ్ముకొన్న కౌలుదారునకు ప్లాటులో వాటా రాలేదు. మన వైపు పల్లములో దున్నువారిలో కౌలుదారులే ఎందరో. సంప్రదింపు అనగా పట్టాదారుని సంతకము మాత్రమే అనుకొన్నచో, ఊరిలో సగము మందిని అడుగనట్లే.

పొరుగున విజయనగరము జిల్లా భోగాపురము విమానాశ్రయము సంగతి మరియొక పాఠము. అక్కడ మొదట 15 వేల ఎకరముల మాట వినవచ్చినది. ఊళ్లవారు ప్రశ్నించిరి, కోర్టులకు వెళ్లిరి. చివరకు 2,200 ఎకరముల చేరువలో సరిపెట్టుకొనిరి. 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. అడుగుట వలన అభివృద్ధి ఆగలేదు. అవసరము ఎంతో తేలినది. ఆ విమానాశ్రయము పుణ్యమా అని ఇకమీదట జాతీయ రహదారి పొడవునా ఇండ్లకు, గిడ్డంగులకు గిరాకీ పెరుగుట ఖాయము. ఆ గిరాకీ మన ఊళ్లకు చేరుటకు ముందే మన ఆలోచన సిద్ధముగా నుండవలెను.

ఇక వంశధార. హిరమండలము వద్ద 19 టి.ఎం.సి.ల జలాశయము కొరకు ఎన్నో గ్రామములు ఖాళీ అయినవి. ఆ నీరు వేలాది ఎకరములకు ప్రాణము. కాని కాలనీలో ఇల్లు దొరకినంత మాత్రమున పశువుల సాల, కళ్లము, పచ్చిక, ఇరుగుపొరుగు, అప్పుపుట్టు దుకాణము వెంట రావు. ఊరు అనగా ఇండ్ల వరుస కాదని ఆ నిర్వాసితులను అడిగిన చెప్పుదురు.

చట్టములో రైతునకు కొంత బలము కలదు. 2013 నాటి భూసేకరణ చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోనున్నది. దాని ప్రకారము సేకరణకు ముందు సామాజిక ప్రభావ అధ్యయనము, గ్రామసభతో సంప్రదింపు, బహిరంగ విచారణ జరుగవలెను. ప్రైవేటు కంపెనీల కొరకైనచో 80 శాతము, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైనచో 70 శాతము బాధిత కుటుంబముల సమ్మతి కావలెను. నీటి వసతి గల బహుపంటల భూమిని మరి దారి లేనప్పుడే తీసుకొనవలెను. తీసుకొన్నచో అంత బీడు భూమిని సాగులోనికి తేవలెను. అయితే 2018లో మన రాష్ట్రము చేసిన సవరణ కొన్ని పనులను ఈ నియమముల నుండి మినహాయించుటకు వీలిచ్చినది. అందుచేత చట్టమున్నది గదా యని నిద్రించుట తగదు. పట్టణాభివృద్ధి సంస్థలు ముసాయిదా ప్రణాళికను ప్రకటించినప్పుడు అభ్యంతరములకు, సూచనలకు గడువు ఇత్తురు. ఆ గడువులో నోటితో చేసిన కేక చెల్లదు. సర్వే నంబరు వేసి, కాలువ, బోదె, గెడ్డ, బంద, కళ్లము, శ్మశానము, పశువుల దారి గుర్తించిన గ్రామపటము జతపరచి, గ్రామసభ తీర్మానముతో వ్రాసియిచ్చి రసీదు తీసుకొనవలెను. ఈ పటమును ఆపద వచ్చినప్పుడు కాదు, ఇప్పుడే, తీరిక వేళ, పెద్దలను వెంటబెట్టుకొని పొలము తిరిగి తయారుచేసుకొనుడు. ఏ వానకు ఏ గెడ్డ ఎంత పొంగునో పటములు గీయు ఇంజనీరుకంటె ఆ గట్టుపై అరువది ఏండ్లు నడచిన వానికి ఎక్కువ తెలియును.

అట్టి కొత్త ఊరిలో ఏముండవలెను? అన్నిటికంటె ముందు నీటి లెక్క. 50 వేల జనాభాకు మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 67 లక్షల 50 వేల లీటర్లు కావలెను. వరి పైరుకు పంట కాలమున 1,200 మిల్లీమీటర్ల నీరు వేసుకొన్నచో, ఎకరమునకు సుమారు 48 లక్షల 50 వేల లీటర్లు. అనగా ఆ ఊరు ఏడాదికి త్రాగి వాడుకొను నీరు దాదాపు 500 ఎకరముల వరికి సమానము. ఈ నీరు నాగావళి నుండియా, వంశధార నుండియా, ఎవరి వాటా తగ్గించి తెత్తురో ముందే చెప్పవలెను. ఇందులో నూటికి ఎనుబది పాళ్లు మురుగుగా తిరిగివచ్చును. దానిని శుద్ధిచేసి పశుగ్రాసమునకు, తోటలకు ఇచ్చిన 400 ఎకరముల పైరుకు సరిపోవు నీరు. శుద్ధిచేయక వదలిన చెరువునకు విషము. ఒకే నీరు, ఒకే ఊరు. తేడా ప్రణాళికలో నున్నది.

చెరువులను, బందలను పూడ్చరాదు. 1914లో భారతదేశమునకు వచ్చిన పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ మన పట్టణములను కాలినడకన తిరిగి చూచి, చెరువులను కాపాడుకొనుడని చెప్పెను. అంతకు ముందు 1898లో ఇంగ్లండులో ఎబినేజర్ హోవర్డు తన ఉద్యాన నగరమునకు 6 వేల ఎకరములు అడిగి, అందు 1,000 ఎకరములే ఇండ్లకు, 5 వేల ఎకరములు సేద్యమునకు కేటాయించెను. జనాభా 32 వేలు. ఆ లెక్క మనకు అట్లే సరిపడకపోవచ్చును. కాని ఊరి చుట్టు సేద్యపు వలయము మిగుల్చుట, అందు కూరగాయలు, పాలు ఉత్పత్తిచేసి ఆ ఊరికే అమ్ముట మన రైతునకును లాభమే. తడి చెత్త కంపోస్టుగా పొలమునకు రావలెను. రైతుబజారు ఊరి నడుమ నుండవలెను, చివర కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు నేర్పిన పాఠము మరువరాదు. చెట్ల వరుసలు, ఎత్తైన ఆశ్రయ భవనములు, వరదనీటికి విడిచిన గెడ్డ దారులు మొదటి పటములోనే కనుపించవలెను.

దీనికి రెండు ఆక్షేపణలు విందుము. సంప్రదింపులతో కాలము వృథా యగునని అధికారులు కొందరు అందురు. అమరావతిలో పని నిలిచిన ఏండ్లతో పోల్చిన, ఆరు నెలల గ్రామసభలు ఎంతపాటి కాలము? ముందు అడుగని ప్రశ్నలే తరువాత కోర్టులో అడుగబడును. "మంచి ధర వచ్చినప్పుడు అమ్ముకొననీయండి, వరిలో మాకేమి మిగులుచున్నది?" అని రైతులే కొందరు అందురు. ఈ మాట కాదనలేము. కూలి, ఎరువు, కౌలు పోగా చిన్న రైతునకు మిగులునది స్వల్పము. కాని ఒకేసారి వచ్చిన డబ్బు ఇల్లు కట్టి, పిల్ల పెండ్లి చేయుసరికి కరగిపోవుట మనమెరుగనిది కాదు. సమష్టిగా బేరమాడిన ధరతోపాటు ప్లాటు, దుకాణము, నీటి హక్కు, పిల్లలకు పని అడుగవచ్చును. ఒంటరిగా అమ్మిన ధర ఒక్కటే. అమ్మదలచినవానికిని గ్రామసభయే అండ.

నాగావళి ఒడ్డున ఈ నేలలో వరి కోసిన వెంట పెసర, మినుము. మెట్టలో చోళ్లు, నువ్వులు, గోగు పండుచున్నవి. రాగోలు, ఆమదాలవలస పరిశోధనా స్థానములు, నైరా వ్యవసాయ కళాశాల ఈ నేల గుణము నెరిగినవి. ఏ భూమి పంటకు, ఏ భూమి ఇంటికి తగునో చెప్పుటకు వారి నేలపటములు, ఊరి పెద్దల జ్ఞాపకము ఒకచోట చేరవలెను.

రైతు సోదరులారా, కొత్త ఊరు వచ్చునపుడు మన వద్దకు వచ్చునది పటము. అందులో మన చెరువు నీలిరంగులో నుండునా, తెల్లగా నుండునా అన్నది మనము ముందే సభకు వెళ్లుటపై ఆధారపడియున్నది. వచ్చే గ్రామసభకు కౌలుదారును, కూలివానిని, ఇంటి ఆడవారిని వెంటబెట్టుకొని వెళ్లుడు. ఊరి పటము గీయు పని ఆ రోజుననే మొదలుపెట్టుడు.