రోళ్లపాటి బీళ్లలో ఒకనాటి సైకిలు యాత్ర



ఈ శీర్షికలో మేము ‘మేము’ అని వ్రాయుట మీకు వాడుకయే. ఈ మాసమున మాత్రము ఒక మాట ముందుగా చెప్పవలసియున్నది. ఇందు వ్రాసిన దినమున మేమనగా మేమొక్కరమే. వెంట తోడు లేదు, బంధువు లేడు, బండి నడపువాడును లేడు.

మాది ఆస్పరి మండలములోని కైరుప్పల. ఉగాది మరునాడు కాళికాదేవి, వీరభద్రస్వామివార్ల పేర ఊరెల్ల రెండు పక్షములై పిడకలతో కొట్టుకొను సమరమునకు మా యూరు పేరుగన్నది. నెలల తరబడి పేడ తట్టి ఎండబెట్టుట ఆడువారి వంతు. పిడకలు గాలిలో ఎగురునాడు మేము మిద్దెలెక్కి చూచువారమే. దీనిని నేరముగా చెప్పుటలేదు. ఆడుది గడప దాటవలెనన్న ఏదో యొక పని చూపవలయునను వాడుక మాలో ఎంత గట్టిదో తెలుపుటకు చెప్పితిమి.

సైకిలు తొక్కుట మేము నలుబదియవ యేట నేర్చితిమి. అది మా అమ్మాయి సైకిలు. 2016-17 ప్రాంతమున ‘బడికొస్తా’ యను పేర సర్కారు బడులలో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చిరి గదా, ఆ విధముగా మా యింటికి వచ్చినది. పిల్ల పై చదువులకు పోగా అది గోడకు చేరబడియుండెను. తెల్లవారుజామున, పాలవారు లేవకముందు, బడి మైదానములో రెండు వారములు పడుచు లేచుచు నేర్చుకొంటిమి. అప్పటినుండి మాకొక కోరిక పుట్టెను. పొద్దు పొడిచినది మొదలు పొద్దు క్రుంకువరకు, ఒక్క దినము, ఏ పనియు పెట్టుకొనక, మృగపక్షులున్న తావున ఒంటరిగా తిరిగి రావలెను.

ఇంటిలో ఈ మాట ఎత్తగా ఎవరును కోపింపలేదు. మా వారు, “ఏమి పని మీద?” అనిరి. అత్తగారు పిడక తట్టుచునే, “పెండ్లా, జాతరా, ఆసుపత్రా? ఏమి పని ఉండాదని పోతావమ్మా?” అనిరి. మాకు ఉత్తరము తోచలేదు. “పని లేదత్తమ్మా, ఊరకే” అంటిమి. ఆ ‘ఊరకే’ యను మాట పలుకుటకు మాకు నోరెంత ఎండిపోయినదో మీలో పలువురెరుగుదురు.

నల్లమలకుగాని, శ్రీవేంకటేశ్వర, పాపికొండల జాతీయోద్యానములకుగాని పోవ తలపలేదు. అవి పెద్ద మృగములు తిరుగు అరణ్యములు. అందు సైకిలుపై ఒంటరిగా పోవుట సాహసము కాదు, అవివేకము. మేమెన్నుకొన్నది రోళ్లపాడు. అది మిడుతూరు మండలములోనిది. 2022 వరకు మా కర్నూలు జిల్లాలోనిదే, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరినది. బట్టమేక పక్షిని కాపాడుటకై 1988లో అచట అభయారణ్యము నేర్పరచిరి. అరణ్యమని పేరేగాని చెట్లు తక్కువ. ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెము మించిన పచ్చికబీడు.

పుష్యమాసమున, చలి తగినంత యున్నపుడు, ఆదోని మీదుగా కర్నూలు చేరి, నందికొట్కూరులో మా వదినగారింట రాత్రి యుంటిమి. సైకిలు ఆమె కూతురిది. వదినగారు రెండు జొన్నరొట్టెలు, గురుగాకు పప్పు, పచ్చిమిరప కారము మూటగట్టి యిచ్చి, “దీపాలేళకు ఇంటికి రా వదినా, నాకు భయమైతాది” అనిరి. సరేయని మాట యిచ్చితిమి.

సైకిలుపై రెండు గంటల దారి. నల్లరేగడి చేలలో జొన్న కంకి వేసియుండెను. శనగచేలపై మంచు తెల్లగా పేరుకొనియుండెను. ఎదురు వచ్చినవారు తేరిపార చూచిరి. ఇద్దరు ముగ్గురు, “ఏ ఊరమ్మా? ఎవురింటికి?” అని అడిగిరి. ఎవరింటికిని కాదని చెప్పగా వారికది జవాబుగా తోచలేదు.

రోళ్లపాటిలో అడవిశాఖవారి అనుమతి గైకొని, చూపిన బండిదారిన సైకిలు నడిపించుచు కొంతసేపు, తొక్కుచు కొంతసేపు పోతిమి. సైకిలు చప్పుడు చేయదు. అందుచేత కృష్ణజింకలు మమ్ము దగ్గరకు రానిచ్చినవి. మగజింక వీపు నలుపు, పొట్ట తెలుపు, కొమ్ములు మెలిదిరిగి నిలువునా లేచినవి. ఆడువానికి సామాన్యముగా కొమ్ములుండవు. మా పడమటి పల్లెలలో ఇవి పైరు మేయునని రాత్రులు కాపలా కాయుదుము, తిట్టుదుము. చేనిలో శత్రువుగా చూచిన ప్రాణిని దాని ఇంటిలో చూచుట వేరు. నలువది యేబది జింకలు ఒక్కసారిగా గంతులిడుచు పోవుచుండ మేము సైకిలు పట్టుకొని నిలుచుండిపోతిమి.

మధ్యాహ్నమున, బీడు వెలుపలి దారిలో, వెనుక చక్రమున తుమ్మముల్లు దిగెను. దగ్గర కొట్టు లేదు. సోదరీమణులారా, ఇది మీరు తప్పక నేర్వదగిన విద్య. సైకిలును తలక్రిందుగా నిలిపి, టైరును ఒక ప్రక్క రెండు చెంచాల కాడలతో పైకి తీసి, ట్యూబు లాగి, గాలి కొట్టవలెను. నీరు త్రాగుటకే చాలనిచోట ట్యూబును చెంపకు దగ్గరగా పట్టుకొని త్రిప్పినచో గాలి తగిలి చిల్లి తెలియును. అచట ఉప్పుకాగితముతో గీకి, సొల్యూషన్ పూసి, ఆరిన పిదప ప్యాచి అదిమి అంటింపవలెను. ట్యూబు మరల పెట్టకమునుపు టైరు లోపల వ్రేలితో మెల్లగా తడిమి ముల్లు తీసివేయవలెను. ఇది మరచిన, మరి పది గజములకే మరల గాలి పోవును. మేము మరచితిమి. రెండుమార్లు చేయవలసివచ్చెను. గంటన్నర పోయెను.

అంతసేపును ఒక గొర్రెలకాపరి అవ్వ కర్ర గడ్డమునకానించి మా పని చూచుచుండెను. 

“ఒగ్గదానివే వచ్చినావా తల్లీ?”

“ఔనవ్వా. నీకు ఈ బీట్లో ఒంటరిగా తిరుగ భయము కాదా?”

“నాకేమి భయమమ్మా! పదైదేండ్లప్పటి సంది గొర్రెల యెంట ఒగ్గదాన్నే తిరుగుతుండా. ఎవురూ అడగల్యా.”

ఈ మాట మమ్ము దినమంతయు విడువలేదు. గొర్రెల వెంట, కట్టెల మోపుతో, కూలికి, పొలములకు ఒంటరిగా పోవు స్త్రీలు మన కన్నులయెదుట ఎందరో యున్నారు. వారిని ఎవరును ధైర్యవతులని పొగడరు, వారింపనువారింపరు. వారు పని మీద పోవుచున్నారు గనుక వారి ఒంటరితనము ఎవరికిని కానరాదు. మేము పనిలేక వచ్చితిమి గనుక దారి పొడవునను ప్రశ్నలే. కనుక లోకమునకున్న భయము తోడేలును గూర్చియు కాదు, ముల్లును గూర్చియు కాదు. ఆడుదాని దినము ఆమెదే కావచ్చునా యనునదే ఆ భయము.

బట్టమేకను చూచితివా యని అవ్వను అడిగితిమి.

“సూడకేమి? ముందు జొన్నచేన్లల్లో మేకపిల్ల మాదిరి నడిచిపోతుండె. ఇప్పుడు యాడుంది? ఉన్న బీడంతా దున్నిరి.”

బట్టమేక ఎగురు పక్షులలో మిక్కిలి బరువైనవానిలో నొకటి. ఎత్తు మూడడుగుల పైమాట, మగపక్షి పదునైదు కిలోల వరకు తూగును. ఆడుపక్షి సామాన్యముగా ఏటికొక్కటే గ్రుడ్డు వట్టి నేలపై పెట్టును. పొదుగుటయు, పిల్లను పెంచుటయు దాని వంతే, మగపక్షి తోడ్పడదు. ఇట్టి ప్రాణికి మనుష్యుని అలికిడిలేని విశాలమైన బీడు కావలెను. మన లెక్కలలో బీడు పనికిరాని భూమి. కాలువనీరు వచ్చినది, చుట్టుప్రక్కల బీళ్లు చేలయినవి, పైరులు మారినవి. తిండికై దున్నుకొన్న రైతును నిందింపజాలము. కాని ఆ భూమి ఊరకే పడియున్నదనుకొనుట పొరపాటు, అందొక తల్లి గ్రుడ్డు పొదుగుచుండెను. కొన్నేండ్లుగా రోళ్లపాటిలో బట్టమేక కానవచ్చుటలేదు. దేశమంతటను మిగిలినవి నూటయేబదికి మించవని చెప్పుదురు. అందు హెచ్చుభాగము రాజస్థానములో నున్నవి. అచట అవి విద్యుత్తీగలకు తగిలి చచ్చుచుండుటచే 2021లో సుప్రీంకోర్టు ఆ విషయమున ఉత్తరువు లిచ్చెను. 2019 నుండి గ్రుడ్లు సేకరించి పొదిగించి పిల్లలను పెంచుచున్నారు.

సాయంకాలమునకు మరొక చిక్కు వచ్చెను. చలికాలమున మధ్య ఆసియా మైదానములనుండి సన్నని పొడవు రెక్కల గద్దజాతి పక్షులు ఈ బీటికి వచ్చును. పగలెల్ల చేలపై తిరిగి మిడుతలను తిని, రైతుకు మేలుచేసి, పొద్దుక్రుంకగా గడ్డిలో నేలపైనే గుంపుగా నిద్రించును. వానిని చూడవలెనన్న దీపాలవేళ వరకు నిలువవలెను. వదినగారికిచ్చిన మాటయో దీపాలవేళకు ఇల్లు చేరుదుమని. గంటన్నర ముల్లు తినకున్న రెండును చక్కబడియుండును.

మేము ఫోను తీసి వదినగారికి నిజమే చెప్పితిమి: “వదినా, ఒక గంట ఆలస్యమైతాది. పని ఏమీ లేదు. పిట్టలు చూసి వస్తా.” కొంతసేపు ఆవల మాట లేదు. పిదప, “సరే, టార్చి పెట్టుకొనిరా. అన్నం దించకుండా కూచుంటా” అనిరి. ఆ దినమున మేము దాటిన గడప అదియే యని ఇప్పుడు తోచుచున్నది. అబద్ధమాడి గెలిచిన సెలవు మరునాడు మరల అబద్ధమునే కోరును.

పొద్దు గూకుచుండ పక్షులు ఒకటొకటిగా వచ్చినవి. రెక్కలు కదల్పక గడ్డికి జానెడెత్తున తేలుచు, ఒకమారు చుట్టి, చటుక్కున దిగి మాయమైనవి. పదునెనిమిది లెక్కపెట్టితిమి. ఇంకను వచ్చుచుండగనే కాపలాదారు చెప్పిన వేళ అయ్యెనని లేచితిమి. చీకటిలో దారి భయపెట్టలేదనిన అసత్యమగును. కుక్కలు రెండుచోట్ల తరిమినవి. టార్చి వెలుతురులో మా నీడయే మమ్ము బెదరించినది. వదినగారు వీధి యరుగుపై కూర్చుండియుండిరి.

లోకమునకిది క్రొత్త కాదు. 1894-95లో ఆనీ లండన్‌డెరీ యను నామె అమెరికానుండి సైకిలుతో ప్రపంచయాత్రకు బయలుదేరి తిరిగివచ్చెను. మన పొరుగున పుదుక్కోట జిల్లాలో 1990 తరువాతి యేండ్లలో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా నున్నపుడు, అక్షరములు నేర్చు స్త్రీలు వేలకొలది సైకిలును నేర్చిరి. వారితో పోల్చ మాది ఒక్కపూట ముచ్చట.

మీలో పోదలచువారికి నాలుగు మాటలు. చలికాలమునే పొండు. రెండు లీటర్ల నీరు, పంపు, ప్యాచి, టార్చి విడువకుడు. చీర కుచ్చెళ్లు గొలుసులో చిక్కును గనుక చూడీదారో, బిగగట్టిన చీరయో మేలు. ఏ దారిన పోవుచున్నారో, ఎప్పుడు వత్తురో ఇంటనొకరికి నిజము చెప్పుడు. అడవిశాఖవారు పోరాదన్నచోటికి పోకుడు.

కైరుప్పల చేరిన నాడు అత్తగారు, “పని అయ్యెనా?” అని అడిగిరి. అయినదంటిమి. ఏమి పని యని వారు మరల అడుగలేదు. రాత్రి అన్నములవేళ మాత్రము, “ఆ గద్దలు నేల మీదనే పండుకుంటాయా?” అని రెండుమార్లు అడిగిరి.

మీలో నెవరైన ఇట్లొక దినమును మీదిగా గడిపియుండినచో మాకు వ్రాయుడు.