తాళము వేసిన నిరీక్షణ



ఒక ప్రశ్న అడుగుచున్నాను. కోపపడక మీలో మీరే జవాబు చెప్పుకొనుడి. మీ పేటలో అన్నిటికంటె ఎత్తయిన పునాది, గట్టి గోడలు, గాలికి లేవని కప్పు గల కట్టడము ఏది? గోదావరి సీమలో అనేక పేటలలో అది మన గుడియే. ఏటిగట్టు తెగి నీళ్లు వీధిలోనికి వచ్చిన రాత్రి ఆ గుడి తలుపు తెరచియుండునా, తాళము వేసియుండునా? తలుపు తట్టువాడు మన సంఘపువాడు కానియెడల ఏమి జరుగును?

నిరీక్షణ అను మాట మనకు మిక్కిలి ఇష్టము. ఆదివారమున దానినిగూర్చి పాడుదుము. సమాధులయొద్ద దానినిగూర్చి చెప్పుదుము. అయితే వరదయు తుపానును వచ్చినప్పుడు మన నోట వచ్చు మాటలు వేరు. వాటిలో మూడింటిని మీ యెదుట పెట్టుచున్నాను. అవి భక్తిగల మాటలవలె కనబడును గాని, కష్టములోనున్నవాని నిరీక్షణను దొంగిలించు మాటలు.

మొదటిది, "ఇది వారి పాపమునకు తీర్పు" అనునది.

1996 నవంబరు 6వ తేదీని కోనసీమమీద విరుచుకుపడిన తుపానులో వేయిమందికి పైగా చనిపోయిరి. సముద్రముమీద వేటకు పోయినవారిలో అనేకులు తిరిగి రాలేదు. లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలకూలెను. అంతకు పదేండ్ల ముందు, 1986 ఆగస్టులో, ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పోయినప్పుడు గట్లు తెగి లంకలును పల్లపు భూములును మునిగెను. ఎవరి పాపమును తూచి ఆ గాలి వీచెను? ఎవరి పాపమును కొలిచి ఆ నీరు పారెను? తాటాకు ఇల్లు ఎగిరిపోయెను, డాబా నిలిచెను. డాబాలోనివాడు నీతిమంతుడు గనుక అది నిలిచెనా? గోడలో ఇటుకయు సిమెంటును ఉన్నవి గనుక నిలిచెను. వేటకు పోయినవాడు పాపి గనుక పడవ ఎక్కలేదు. ఇంటిలో పొయ్యి వెలుగవలెను గనుక ఎక్కెను.

సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయిన సంగతిని మన ప్రభువే ఎత్తి, వారు యెరూషలేములోని మిగిలినవారికంటె పాపులు కారని స్పష్టముగా చెప్పెను. చనిపోయినవారి లెక్క చూడనియ్యక, వినుచున్నవారి లెక్కనే అడిగెను. యోబు స్నేహితులను చూడుడి. ఏడు దినములు నోరు మెదపక అతనితోకూడ నేలమీద కూర్చున్నంతసేపు వారు మంచి స్నేహితులే. కారణములు చెప్పుటకు నోరు తెరచినప్పుడే చెడిపోయిరి. "నోవహు జలప్రళయము మాట యేమి?" అని ఒకరు అడుగవచ్చును. ఆ చరిత్ర ముగింపువరకు చదువుడి. అది మేఘములోని ధనుస్సుతోను వాగ్దానముతోను ముగియుచున్నది గాని, పొరుగువానికి తీర్పు తీర్చు అధికారమును మనకిచ్చుటతో కాదు.

రెండవది, "అంతయు ప్రభువు చిత్తము, మనము చేయగలది ఏమున్నది?" అనునది.

ఇది వినయముగా వినబడును గాని, చాలసార్లు దాని వెనుకనున్నది సోమరితనమే. మన సీమ చరిత్రనే చూడుడి. 1832-33లో నందన కరువు, డొక్కల కరువు అని పెద్దలు చెప్పిన ఆ ఘోరమైన కరువు తెలుగునేలను పీడించెను. నిండు గోదావరి ప్రతి యేటను సముద్రములో కలియుచునే యుండెను. ఇది ప్రభువు చిత్తమని అందరును కూర్చుండవచ్చును. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని మొదలుపెట్టెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు చోట్ల నది పాయలకు అడ్డముగా కట్టి 1852 నాటికి పూర్తిచేసిరి. కాటన్ దైవభక్తిగలవాడు. ఆయన ప్రార్థన చేసి కూర్చుండలేదు. లేచి రాళ్లు మోయించెను. ఆ రాళ్లను మోసిన వేలాది కూలీల పేర్లు ఏ రాతిమీదను లేవు. వారి చెమటవలననే ఈ డెల్టా పచ్చగానున్నది. అయినను ఆ పచ్చదనములో మన పేటలవారికి మొదట దక్కినది భూమి కాదు, కూలి. కాబట్టి కట్టవలసినది ఇంకను మిగిలియున్నది.

మన సంఘముల చరిత్రయు ఇదే చెప్పును. 1869లో రాజమండ్రి లూథరన్ మిషను మూతపడునంత స్థితిలో నుండెను. అమెరికాలోని సంఘమువారికి అంతర్యుద్ధము తరువాత మనుష్యులును ద్రవ్యమును కొరవడినందున, దానిని వేరొక మిషనుకు అప్పగింపబోయిరి. అప్పుడు హయ్యరు దొరగారు, 76 ఏండ్ల ముదుసలి, నేను పోయెదనని లేచి ఆ యేడు డిసెంబరులోనే రాజమండ్రికి వచ్చెను. ఆ వయస్సున "ప్రభువు చిత్తము" అని ఇంటనుండినను ఎవరును తప్పుపట్టకపోదురు. యెరూషలేము ముట్టడిలోనుండగా యిర్మీయా అనాతోతులోని పొలమును కొని, వెండి తూచి ఇచ్చి, దస్తావేజు వ్రాయించి, దానిని మట్టికుండలో భద్రపరపించెను. నిరీక్షణకు కాగితమును సాక్షులును ఉండిరి! ప్రభువు చిత్తమును నమ్మువాడు చేతులు ముడుచుకొనడు; ఆ చిత్తములో తన పని ఏదో వెదకును.

మూడవది, "ముందు మనవారికి" అనునది.

ఇది అన్నిటికంటె అపాయకరమైనది, ఏలయనగా ఇది ప్రేమవలె కనబడును. పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కినప్పుడు దానిలో 276 మంది యుండిరి. వారిలో విశ్వాసులు ఎందరు? వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. మిగిలినవారు సైనికులు, ఖైదీలు, నావికులు. నావికులు లంగరులు వేయు నెపముతో చిన్న పడవను దింపి తాము మాత్రము తప్పించుకొనజూచిరి. వీరు ఓడలో నుండనియెడల మీరు తప్పించుకొనలేరని పౌలు శతాధిపతికి చెప్పెను. పిమ్మట అందరియెదుట రొట్టె విరచి తినగా, అందరును ధైర్యము తెచ్చుకొని తినిరి. మొదట బాప్తిస్మము పొందుడి, తరువాత తినుడి అని ఆయన చెప్పలేదు. ఓడ పగిలెను గాని ఒక్క ప్రాణమును పోలేదు.

లంకలలో నివసించువారికి ఈ సంగతి వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. పడవ ఎక్కునప్పుడు కులమును అడుగువాడు, మతమును అడుగువాడు మునుగువారిని చూచుచు తానును మునుగును. బియ్యపు మూటను సువార్తకు వెలగా పెట్టువాడు బియ్యమును అవమానపరచుచున్నాడు, సువార్తనును అవమానపరచుచున్నాడు. ఊరకనే పెట్టుడి. ఎందుకు పెట్టితివని వారే అడిగిననాడు, మనలోని నిరీక్షణకు హేతువు సాత్వికముతో చెప్పుడి. అడుగనియెడల, పెట్టిన అన్నమే చాలును.

"మేము బీదలము, మా యొద్ద ఏమున్నది?" అందురా? ప్రతి పూట ఎసటిలో పోయుటకు ముందు పిడికెడు బియ్యము తీసి ప్రభువు పేర వేరుగా పెట్టుట మన తల్లులు మనకు నేర్పిన మర్యాద. ఆ పిడికెళ్లతో ఎన్ని గుడులు లేచెనో, ఎందరు ఉపదేశులు అన్నము తినిరో మీరెరుగుదురు. సారెపతు విధవరాలి తొట్టిలో నుండినది పట్టెడు పిండియే. బీదవారి సంఘమునకు నిరీక్షణ పంచుట క్రొత్త కాదు, మరచిపోవుటయే క్రొత్త.

నది మరల వచ్చును. 2022 జూలైలో ధవళేశ్వరమువద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటెను. కాబట్టి ఈ నెల సంఘపు పెద్దలు కూడినప్పుడు వీటిని తీర్మానింపుడి. గుడి తాళపుచెవి వరదకాలములో ఇద్దరియొద్ద ఉండవలెను, వారెవరో పేట అంతటికిని తెలియవలెను. పిడికెడు బియ్యములో ఒక పాలు ఆ దినములకొరకు తీసి యుంచవలెను. చేను మునిగినప్పుడు నష్టపరిహారము పట్టాలో పేరున్నవానికి చేరును గాని, కౌలుదారుని పేరు కాగితములో ఎక్కుట కష్టము, కూలివాని పేరు ఎక్కుట మరియు కష్టము. కనుక చదువు వచ్చిన మన పిల్లలు అర్జీలు వ్రాసి, వారివెంట మండల కచేరికి పోవలెను. వారు మనవారా కారా అని చూడకూడదు.

పరలోక నిరీక్షణను నేను తక్కువ చేయుటలేదు. చనిపోయినవారు లేతురని నమ్ముచున్నాము గనుకనే, బ్రదికియున్నవారిని లేపుటకు మనకు బలము కలుగుచున్నది. పునరుత్థానమును నమ్మువాడు బురదలోనికి దిగుటకు ఎందుకు వెనుదీయవలెను? ఎవరి ఇంటి గోడ ఇంకను తడిగానున్నదో, ఎవరి పడవ ఇంకను ఇల్లు చేరలేదో మీకు తెలియును. ఆదివారమువరకు ఆగక, ఈ సాయంకాలమే ఆ ఇంటికి పోవుడి. కారణములు చెప్పకుడి. వారితోకూడ నేలమీద కూర్చుండుడి. తరువాత లేచి, వారితోకూడ గోడ కట్టుడి.